గేట్లు లెక్కపెట్టే కన్ను

శ్రీరాంసాగర్ (పోచంపాడ్) ప్రాజెక్టుకు 42 గేట్లు. ప్రాజెక్టు ఉన్న నిజామాబాద్ జిల్లా మెండోర మండలంలో ఈ సంగతి బడిపిల్లలను అడిగినా చెబుతారు. ఎగువ నుంచి వరద దిగినప్పుడు ఎన్ని గేట్లెత్తారు, ఎంత నీరు వదులుతున్నారు అన్నదే ఇక్కడ ఆ రోజు ముచ్చట. అదే ప్రాజెక్టు బొమ్మ గీయమని ఫోన్‌లోని ఏఐని అడిగితే, రెండు కొండల నడుమ ఇరుక్కున్న ఎత్తైన ఆనకట్టను తెచ్చి పెట్టొచ్చు. గేట్లు ఓసారి పాతిక ఉంటాయి, ఓసారి యాభై దాటుతాయి. నీళ్లు నీలంగా తళతళలాడుతుంటాయి, వరద గోదావరి మట్టిరంగు మచ్చుకైనా కనిపించదు. బొమ్మ ముచ్చటగానే ఉంటుంది, మన పోచంపాడ్ మాత్రం అందులో ఉండదు.

ఈ తేడా పట్టుకోగలిగినవాళ్లే ఏఐతో మంచి బొమ్మలు చేయగలరు. మాటలు చెప్పి బొమ్మలు రప్పించే ఈ విద్య ఇంగ్లిష్ దంచికొట్టేవాళ్లదనీ, హైదరాబాద్‌లో కోర్సులు చేసినవాళ్లదనీ పల్లె యువత వెనకడుగు వేయాల్సిన పనిలేదు. చుట్టూ ఉన్నదాన్ని నిదానంగా చూడటం, చూసినదాన్ని విడమరిచి చెప్పడం. దీనికి కావాల్సిన పెట్టుబడిలో ఎక్కువ భాగం ఇదే. అది మెండోరలో, బాల్కొండలో, బోధన్‌లో దండిగా ఉంది.

ఈ సాధనాల వయసు కూడా ఎక్కువేం కాదు. ఓపెన్‌ఏఐ సంస్థ 2021 జనవరిలో డాల్-ఈని ప్రకటించింది. 2022లో డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ నెలల తేడాతో జనం చేతికి వచ్చాయి. 2024 జూన్‌లో మెటా ఏఐ మన దేశంలో వాట్సాప్‌లోకి చేరింది. అంటే గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో తల్లి మాట్లాడే అదే ఫోన్‌లోకి, అదే యాప్‌లోకి బొమ్మలేసే యంత్రం వచ్చి కూర్చుంది. 2025 మార్చిలో చాట్‌జీపీటీతో జపాన్ యానిమేషన్ స్టూడియో జీబ్లీ తరహా బొమ్మలు, సెప్టెంబర్‌లో జెమినితో పాతకాలపు సినిమా తారల్లాంటి చీరకట్టు ఫొటోలు వెల్లువెత్తాయి. లక్షల మందికి ఏఐ బొమ్మలతో తొలి పరిచయం ఇలాగే జరిగింది. ఎవరో రాసిపెట్టిన వాక్యాన్ని కాపీ కొట్టి, తమ ఫొటో జోడించి, వచ్చినదాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నారు. సరదాగా మొదలుపెట్టడంలో తప్పులేదు. అక్కడే ఆగిపోతే మాత్రం నేర్చుకున్నది ఏమీ ఉండదు.

యంత్రం మనను ఎందుకు పోల్చుకోలేకపోతోందో తెలిస్తే పని సులువవుతుంది. బొమ్మలనూ వాటి పక్కనున్న వివరణలనూ కోట్లకొద్దీ జతలుగా చూపించి దానికి నేర్పుతారు. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలకు ఆధారమైన లయన్-5బీ అనే సేకరణలో 585 కోట్ల జతలుండేవి. అందులో 232 కోట్లు ఇంగ్లిష్ వివరణలున్నవే. వందకు పైగా ఇతర భాషలన్నీ కలిసి దాదాపు అంతే సంఖ్యను పంచుకున్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరూ ఫొటో పెట్టి, పేరు రాయని వస్తువు దాని దృష్టిలో లేనట్టే లెక్క. బొమ్మ తయారయ్యే తీరు కూడా గమనించదగ్గదే. ఈ రకం నమూనాలు సిగ్నల్ పోయిన పాత టీవీ తెర మీద కనిపించే చుక్కల గందరగోళం లాంటి దానితో మొదలవుతాయి. మనం రాసిన మాటలకు దగ్గరయ్యేలా విడతలవారీగా ఆ చుక్కలను సర్దుకుంటూ పోతాయి. మాట వదిలేసిన ప్రతి ఖాళీనీ తాము ఎక్కువగా చూసినదానితో నింపేస్తాయి. ఆ ఎక్కువగా చూసిన లోకంలో పోచంపాడ్ లేదు కాబట్టే కొండల మధ్య ఆనకట్ట వస్తుంది.

పసుపునే తీసుకుందాం. 'పసుపు ఆరబోస్తున్న రైతు' అని మూడు మాటలు రాస్తే పసుపుపచ్చ పొడి కుప్పలు, వాటి ముందు నవ్వుతూ నిలబడ్డ మనిషి వచ్చే అవకాశమే ఎక్కువ. పసుపు అనగానే యంత్రానికి తోచేది వంటింటి పొడి. ఈ ప్రాంతంలో తవ్వకం అయ్యాక కొమ్ములను ఉడకబెడతారు, రోజుల తరబడి కళ్లంలో ఎండబెడతారు, ఆ తర్వాత డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు. పాలిష్‌కు ముందు కొమ్ము గరుకుగా, మసకగా ఉంటుంది. మెరుపు తర్వాత వచ్చేది. ఇది తెలిసిన మనిషి వాక్యం వేరుగా ఉంటుంది.

'ఫిబ్రవరి ఉదయం, నిజామాబాద్ జిల్లా పల్లె. చదును చేసిన కళ్లంలో ఉడికించిన పసుపు కొమ్ములు పలుచగా ఆరబోసి ఉన్నాయి. వేలెడంత కొమ్ములు, గరుకు తోలు, మట్టి కలిసిన మసక పసుపు రంగు. తలకు తువ్వాలు చుట్టుకున్న నడివయసు మహిళ వంగి, చేత్తో కొమ్ములను తిరగేస్తోంది. వెనుక పాలిష్ డ్రమ్ము, ఆపైన చదునైన పొలాలు. ఏటవాలు ఎండ, పొడుగు నీడలు. నేలకు దగ్గరగా కూర్చుని తీసిన ఫొటోలా ఉండాలి.'

ఇందులో కాలం, చోటు, వస్తువు, దాని రంగు, మనిషి చేస్తున్న పని, వెలుతురు, చూసే కోణం అన్నీ ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఏడింటినీ ఒక్కొక్కటిగా సరిచూసుకుంటే చాలు. జెమిని, చాట్‌జీపీటీ లాంటివి తెలుగులో రాసినా అర్థం చేసుకుంటాయి. ఏదైనా మాట దానికి అందకపోతే ఆ వస్తువు ఎలా ఉంటుందో వర్ణించాలి, లేదా సొంతంగా తీసిన ఫొటో చూపించాలి. 'కొండలు వద్దు' అని రాస్తే కొండ అనే మాటను పట్టుకుని కొండనే తెచ్చే యంత్రాలున్నాయి. అందుకే 'చదునైన పొలాలు' అని కావాల్సినదే చెప్పడం మేలు. వచ్చిన బొమ్మ నచ్చకపోతే మొత్తం వాక్యాన్ని తిరగరాయొద్దు. ఒకసారికి ఒక్క సంగతే మార్చితే ఏ మాటకు ఏం మారిందో తెలుస్తుంది. ఆ మార్పులను నోటుబుక్కులో రాసుకుంటే అదే పాఠ్యపుస్తకం అవుతుంది.

ఒక్క మీట నొక్కితే కళాఖండం వచ్చేస్తుందనే ప్రచారాన్ని నమ్మకూడదు. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో జేసన్ అలెన్ అనే వ్యక్తి మిడ్‌జర్నీతో చేసిన బొమ్మకు డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. దానికోసం కనీసం 624 సార్లు మాటలు మార్చి చూశానని ఆయన అక్కడి కాపీరైట్ కార్యాలయానికి చెప్పుకున్నారు. అయినా యంత్రం చేసిన భాగాన్ని ఆయన సృష్టిగా నమోదు చేయడానికి 2023లో ఆ కార్యాలయం ఒప్పుకోలేదు. అంత శ్రమ పడ్డా బొమ్మ మీద హక్కు దక్కకపోవచ్చని ఉపాధి కోసం ఈ దారిలోకి వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

ఉపాధి మాట వస్తే ముందుగా గుర్తొచ్చేవి ఫ్లెక్సీ దుకాణాలు. ఏఐ బొమ్మల్లో తెలుగు అక్షరాలు ఇప్పటికీ తడబడుతుంటాయి. ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు మారిపోతాయి, చూడ్డానికి తెలుగులా ఉండి చదవడానికి ఏమీ కాని గీతలు వస్తాయి. కాబట్టి బొమ్మ వరకే ఏఐతో చేయించి, అక్షరాలు ఎప్పటిలా అను ఫాంట్లలోనో యూనికోడ్‌లోనో డిజైనరే పెట్టుకోవాలి. బతుకమ్మ ఫ్లెక్సీల్లో బొమ్మ మీద కూడా కన్నుండాలి. గునుగు, తంగేడు పేర్చాల్సిన చోట గులాబీలు పేర్చిన బతుకమ్మను ముద్రించి కూడలిలో కట్టడం మన పండుగను మనమే చెరిపేసుకోవడం. దాన్ని ఆపగలిగింది ఆ కుర్చీలో కూర్చున్న డిజైనరే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇక్కడి రైతు సంఘాలకు ప్యాకెట్ల మీదికీ ప్రచారానికీ బొమ్మలు కావాలి. కొమ్ముకూ పొడికీ తేడా తెలిసిన స్థానిక యువతే ఆ పనికి తగినవాళ్లు.

బోధన్‌లో ఇంకో మంచి అవకాశం ఉంది. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. చెరుకు బండ్ల వరుసలు, క్రషింగ్ రోజుల సందడి ఇప్పుడు పాత కార్మికుల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. మనవలు పక్కన కూర్చుని అడిగి, వాళ్లు చెప్పినదాన్ని వాక్యాలుగా మార్చి, వచ్చిన బొమ్మను వాళ్లకే చూపించి దిద్దించుకుంటే ఆ జ్ఞాపకం మరో తరానికి అందుతుంది. అయితే ఆ బొమ్మ కింద 'ఊహాచిత్రం' అని తప్పకుండా రాయాలి. లేదంటే కొన్నేళ్లకు అదే చరిత్ర ఫొటోగా చలామణీ అవుతుంది.

ఈ చిన్న ముద్ర ఎంత అవసరమో తెలంగాణ ఇప్పటికే చూసింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం నడుస్తుండగా ఏఐతో చేసిన జింకలు, నెమళ్ల బొమ్మలు నిజమైన ఫొటోలతో కలిసిపోయి తిరిగాయి. జీబ్లీ తరహా బొమ్మ ఒకదాన్ని తిరిగి పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారి స్మితా సబర్వాల్‌కూ పోలీసులు నోటీసు ఇచ్చారు. అక్కడ చెట్లు కొట్టడం వాస్తవం, ఏప్రిల్ 3న ఆ నరికివేతను సుప్రీంకోర్టు ఆపించడమూ వాస్తవం. కానీ చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్లింది. దొంగ బొమ్మ ఎంత మంచి ఉద్దేశంతో చేసినా నిజమైన ఫిర్యాదును బలహీనపరుస్తుంది. రేపు వరద రోజుల్లో పోచంపాడ్ కట్ట తెగినట్టు ఎవరైనా బొమ్మ చేసి వదిలితే దిగువ పల్లెల గతేమిటి? కృత్రిమ బొమ్మల మీద స్పష్టమైన గుర్తు ఉండాలంటూ కేంద్రం 2025 అక్టోబర్‌లో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. నిబంధనల సంగతి ఎలా ఉన్నా ప్రతి ఫ్లెక్సీ దుకాణం, ప్రతి వాట్సాప్ గ్రూపు ఆ పద్ధతి పెట్టుకోవాలి. మనుషుల ముఖాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2023 నవంబర్‌లో నటి రష్మిక ముఖాన్ని మరొకరి వీడియోకు అతికించిన ఉదంతం అందరికీ తెలిసిందే. ఇతరుల ఫొటోను అనుమతి లేకుండా ఈ యంత్రాలకు ఇవ్వడం నేరానికి దారితీయొచ్చని పిల్లలకు మొదటి పాఠంలోనే చెప్పాలి.

గోదావరి దాటితే నిర్మల్. అక్కడి కళాకారులు తేలికైన పొనికి కర్రను చెక్కి, ముక్కలను రంపపు పొట్టు కలిపిన చింతగింజల జిగురుతో అతికించి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు సుద్ద, గంజి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కులకథలు గీస్తారు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా 'నిర్మల్ శైలిలో' అని రాసి యంత్రం నుంచి బొమ్మ లాగడాన్ని ఆ గుర్తింపు ఆపలేదు, శైలికి కాపీరైట్ కూడా వర్తించదు. చట్టం అడ్డుపడకపోయినా న్యాయం ఒకటి ఉంటుంది. నేర్చుకోవడానికి అలా ప్రయత్నించడం వేరు, ఆ బొమ్మను నిర్మల్ పేరుతో అమ్ముకోవడం వేరు. వ్యాపారానికి ఆ శైలి కావాలనుకున్నవాళ్లు కళాకారులకు డబ్బిచ్చి వాళ్లతోనే గీయించుకోవాలి. ప్రభుత్వ హస్తకళల సంస్థ కూడా కళాకారుల అనుమతితో, ప్రతిఫలం ఇచ్చి వాళ్ల పనితనాన్ని డిజిటల్‌గా భద్రపరచాలి, దాని వాడకం మీద వాళ్లకు వాటా రాసివ్వాలి.

బడుల్లో రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. మెండోర మండలంలోని ఉన్నత పాఠశాలల పిల్లలు టీచర్ల పర్యవేక్షణలో తమ చుట్టూ ఉన్న వస్తువులను ఫొటోలు తీయాలి. పసుపు ఉడికించే పాత్ర, పాలిష్ డ్రమ్ము, గునుగు పువ్వు, ప్రాజెక్టు గేట్లు, కాలువ తూము ఇలా. ప్రతి ఫొటో కింద అది ఏమిటో, ఏ ఊళ్లోదో, ఏ నెలలో తీసిందో తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. అందరూ వాడుకునే అనుమతితో వాటిని వికీమీడియా కామన్స్‌లో పెట్టాలి. రేపటి యంత్రాలు నేర్చుకునేది ఇలాంటి బహిరంగ నిధుల నుంచి కూడా. మండల విద్యాధికారి తలచుకుంటే ఈ విద్యా సంవత్సరంలోనే ఈ పని పూర్తవుతుంది. దీనికి కొత్త నిధులు, కొత్త పరికరాలు అక్కర్లేదు. టీచర్ల ఫోన్లు, తెలుగు పీరియడ్‌లో వారానికో గంట కేటాయిస్తే సరిపోతుంది.