యంత్రానికి జ్ఞాపకం ఎంతకాలం?

1975లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కిమ్ రైరీ, పీటర్ వోగెల్ అనే ఇద్దరు మిత్రులు కంప్యూటరుతో ఒక సంగీత వాద్యాన్ని నిర్మించడానికి పూనుకున్నారు. సిడ్నీ రేవులో తిరిగే ఒక పడవ పేరునే తమ సంస్థకు పెట్టుకున్నారు: ఫెయిర్‌లైట్. వాద్యనాదాలను గణితం ద్వారా సృష్టించాలన్నది వారి సంకల్పం. కాని అలా పుట్టిన నాదాలలో జీవకళ లోపించింది. చివరకు వోగెల్ రేడియోలో వినవచ్చిన పియానో వాదనం నుంచి సుమారు ఒక సెకను ధ్వనిని యంత్రంలోకి ఎక్కించి, దానినే వేర్వేరు శ్రుతులలో పలికించి చూశాడు. సృష్టించిన నాదం కన్న అరువు తెచ్చుకున్న నాదమే సహజంగా వినిపించింది. 1979లో వెలువడిన ఫెయిర్‌లైట్ వాద్యం ఈ ప్రక్రియకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. దీనినే శాంప్లింగ్ అంటారు.

శాంప్లింగ్ అంటే ధ్వనిని అతి సూక్ష్మమైన కాలవ్యవధులలో కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుకోవడం. కాంపాక్ట్ డిస్కులో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు గ్రహించగలదు; ఆ కంపనాలను నమోదు చేయడానికి వాటికి రెట్టింపు కన్న అధికంగా కొలతలు కావాలి. దాచిన అంకెలను రెట్టింపు వేగంతో చదివిస్తే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది, దాని నిడివి సగమవుతుంది. అందుచేతనే ఒక్క నమూనాను కీబోర్డు పొడవునా సాగదీస్తే పై మెట్ల మీద అది కీచుమంటుంది. నిపుణులు కొన్ని మెట్లకొక నమూనా చొప్పున విడివిడిగా సేకరిస్తారు.

కీబోర్డు వర్క్‌స్టేషన్‌లో దీనికి తోడు సీక్వెన్సర్ అనే మరొక విభాగం ఉంటుంది. 1988లో జపాను దేశపు కోర్గ్ సంస్థ విడుదల చేసిన ఎం1 ఈ కోవకు చెందిన ప్రసిద్ధ వాద్యం. సీక్వెన్సర్ ధ్వనిని నమోదు చేయదు. వాదకుడు ఏ మెట్టును, ఏ క్షణాన, ఎంత బలంతో, ఎంతసేపు నొక్కాడో మాత్రమే వ్రాసుకుంటుంది. అది స్వరలిపి వంటిది. శాంప్లింగ్ దాచేది గొంతును. సీక్వెన్సర్ దాచేది పాటను. ఈ భేదం తెలియక ఎందరో ఒకదానిని భద్రపరచి, రెండవదానిని పోగొట్టుకుంటారు. కొన్నేళ్ల తరువాత పాటను తెరచి చూస్తే స్వరాలన్నీ యథాస్థానంలో ఉంటాయి. వాటిని పలకవలసిన నాదం మాత్రం ఉండదు.

ఈ నష్టానికి కారణం యంత్రపు జ్ఞాపకశక్తి స్వభావంలోనే ఉన్నది. శాంప్లింగ్ సౌకర్యమున్న అనేక వర్క్‌స్టేషన్లలో, కొత్తగా సేకరించిన నమూనా విద్యుత్తు ఉన్నంతవరకే నిలుస్తుంది. మీట నొక్కి ఆపివేసిన క్షణాన చెరిగిపోతుంది. ఎం1 వంటి వాద్యాలలో వాదకుడు తీర్చిదిద్దుకున్న నాదాల అమరికలను లోపల ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ కాపాడుతూ ఉంటుంది. కొన్నేళ్లకు ఆ బ్యాటరీ నీరసించిందా, అమరికలూ దానితోపాటే పోతాయి. ఇక ఫ్లాపీ డిస్కుల సంగతి: ఒక ఫ్లాపీ పట్టే 1.44 మెగాబైట్లలో కాంపాక్ట్ డిస్కు నాణ్యత గల స్టీరియో ధ్వని సుమారు ఎనిమిది సెకన్లకు మించి ఇమడదు. తేమకు, బూజుకు లోనైతే ఆ ఎనిమిది సెకన్లూ దక్కవు.

అయితే క్షణకాలపు ధ్వని ఎంత దూరం ప్రయాణించగలదో కూడ ఫెయిర్‌లైట్ చరిత్రే చెబుతుంది. స్ట్రావిన్‌స్కీ రచించిన 'ఫైర్‌బర్డ్' బ్యాలే సంగీతం నుంచి వాద్యబృందమంతా ఒక్కుమ్మడిగా మ్రోగించిన ఒక స్వరఘాతాన్ని తీసి, ఆ వాద్యంతోపాటు ఇచ్చే డిస్కులో చేర్చారు. 1982లో న్యూయార్కులో తయారైన 'ప్లానెట్ రాక్' గీతంలో అది మారుమ్రోగింది. ఆ దశాబ్దమంతా లెక్కలేనన్ని పాటలలో వినిపించింది. ఎవరో ఒకరు దానిని శ్రద్ధగా భద్రపరచినందువల్లనే ఇది సాధ్యమైంది.

కనుక వర్క్‌స్టేషన్ మీద కృషి చేసేవారు ప్రతి రచనను మూడు రూపాలలో దాచుకోవడం మేలు. మొదటిది, నమూనాలతో సహా ఆ యంత్రానికి చెందిన సంపూర్ణ ప్రతి. రెండవది, ఇతర యంత్రాలు కూడ చదవగల మిడి ప్రతి. మూడవది, ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా పలికించి తీసిన ధ్వనిముద్రణ. మొదటి రెండింటికి వాద్యపరికరం అవసరం. అది మూలపడిన నాడు మూడవదే ఆదుకుంటుంది. ఈ ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఏ నాదం ఎక్కడ నుంచి సేకరించినదో, పాట లయ ఎంతో కాగితం మీద వ్రాసి జతచేయాలి.

తంత్రులు తెగిన వీణకు కొత్త తంత్రులు బిగించవచ్చు. అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న హార్మోనియాన్ని బాగుచేయించవచ్చు. ఇంట్లో పెద్దల గొంతునో, ఊరి గుడిగంటనో నమూనాగా పట్టుకొని, భద్రపరచకుండా మీట ఆపివేసినవారికి మాత్రం ఆ అవకాశం లేదు. ఆ గొంతు మూగవోయిన తరువాత, ఆ గంట పగిలిన తరువాత మరొక నమూనా దొరకదు.