నీళ్లు రావని ముందే చెప్పండి

మున్సిపల్ కమిషనర్ గారికి,

మొన్న మంగళవారం మా వీధి కొళాయిలో నీళ్లు రాలేదు. ఎదురింటి మామ్మగారు తెల్లవారి అయిదింటికే రెండు బిందెలు, ఒక బకెట్ వరసలో పెట్టి ఏడున్నర దాకా అరుగు మీదే కూర్చున్నారు. పైపులైను మరమ్మతని మీ ఆఫీసు బోర్డులో కాగితం అంటించారట. ఆ బోర్డుకు అద్దం తలుపు, దానికి తాళం, అక్షరాలేమో ఆవగింజలంత. మామ్మగారు అక్కడిదాకా ఎలా వస్తారండీ?

మరమ్మతు వద్దనడం లేదు, చేయాల్సిందే. ముందురోజు చెత్త బండి మైకులో ఒక్క మాట చెప్పించండి. ఆ బండి ప్రతి గడప ముందుకీ వస్తుంది.

సమాచార హక్కు చట్టమంటే అర్జీ పెడితేనే జవాబివ్వడం అనుకుంటారు చాలామంది. 2005 నాటి ఆ చట్టం 4వ సెక్షన్ అడగకముందే తెలియజేయమంటుంది. బహిరంగ ప్రకటనలు, స్థానిక భాష మాట కూడా అందులోనే ఉంది. కౌన్సిల్ అజెండా, మా వార్డు పనుల అంచనా, అవి పూర్తయ్యే తేదీ రేషన్ షాపు గోడమీద పెద్దక్షరాలతో రాయించండి.

వచ్చే వారం మళ్లీ తవ్వుతారని విన్నాం. ఏ రోజో చెబితే ముందే బిందెలు నింపుకుంటాం.

ఇట్లు,
మీ పట్టణవాసి