ఏసీ కొనేముందు కిటికీ ఎటుందో చూడండి

"1 టన్నా, 1.5 టన్నా బ్రో?" అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: కిటికీ ఎటు వైపు? రివ్యూల్లో స్టార్లు, ఇన్వర్టర్, వైఫై అన్నీ రాస్తాం, ఇది తప్ప.

కూకట్‌పల్లిలో నా అద్దె గదికి పడమటి బాల్కనీ. బ్లాకౌట్ కర్టెన్లు కొన్నా, పెద్దగా లాభం లేదు. ఎండ అద్దం దాటి వచ్చాకే కర్టెన్‌కి తగులుతుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. బయటికి తోయాల్సింది మళ్లీ ఏసీనే. అందుకే నర్సరీల్లో వేసే గ్రీన్ నెట్ తెచ్చి బాల్కనీ గ్రిల్‌కి కట్టా. "బిల్డింగ్ లుక్ పోయింది" అని ఓనర్ అంకుల్ గొడవ. ఒక్క మేకు కూడా కొట్టలేదని చూపిస్తే ఊరుకున్నారు.

నెట్ అందని గోడ మాత్రం రాత్రి పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, మంచం ఇటు జరిపా. ఇప్పుడు ఏసీ 26లో పెట్టినా నిద్ర పడుతోంది. ఈ గదికి 1 టన్ను చాలు.