డైరీలో 'పడిపోయిన' బాబు!
బాబు స్కూలు డైరీలో టీచరు 'హి ఈజ్ ఫాలింగ్ బిహైండ్' అని రాస్తే, ఎక్కడ పడ్డాడోనని కంగారుపడకండి. నడకలో వెనకబడినా, చదువులో వెనకబడినా ఇంగ్లీషులో అదే మాట, మన తెలుగులో లాగే!

ఇలాంటిదే ఇంకోటి. పాలు పొంగుతుంటే స్టవ్ 'టర్న్ డౌన్' చేస్తాం, అంటే మంట తగ్గిస్తాం. పెళ్ళి సంబంధాన్ని 'టర్న్ డౌన్' చేశారంటే మాత్రం వద్దనేశారని. రెండు మాటల్నీ విడదీసి అర్థం వెతక్కండి, వాక్యమంతా చూడండి. 'ఇట్' వస్తే మధ్యలోనే పెట్టాలి సుమా! 'టర్న్ ఇట్ డౌన్' అనాలి, 'టర్న్ డౌన్ ఇట్' తప్పు.

ఇక డైరీ చదవడానికి మీవారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీరే చదివి, సంతకం పెట్టేయండి!