నా ఓటు ఇప్పుడు ఏ పార్టీలో ఉంది?

ఇటీవల గడ్డిఅన్నారంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసింది. మస్జిదు మెట్ల దగ్గర కొందరు యువకులు రాబోయే కార్పొరేషన్ ఎన్నికల ముచ్చట తెచ్చారు. చెప్పులు తొడుక్కుంటున్న ఒక పెద్దాయన వారి మాటలు విని, ఈసారి పోలింగ్‌కు తాను వెళ్లనన్నాడు. ఎందుకని అడిగితే, "బేటా, నా ఓటు ఎవరికి వేశానో నాకు బాగా గుర్తుంది. అదిప్పుడు ఏ పార్టీలో ఉందో మాత్రం తెలియదు. ముందు దాని ఆచూకీ చెప్పండి, కొత్త ఓటు సంగతి తరువాత చూద్దాం" అన్నాడు. యువకులు నవ్వారు. ఆయన నవ్వలేదు.

దీన్ని వయసు మీదపడిన మనిషి చాదస్తమని కొట్టివేయడానికి వీల్లేదు. గ్రేటర్ హైదరాబాద్ పాలకమండలి అయిదేళ్ల పదవీకాలం 2026 ఫిబ్రవరితో ముగిసింది. 2025 డిసెంబరులో 150 డివిజన్లను 300 చేశారు. పాత సరిహద్దులు చెరిగిపోయాయి, కొత్త ఆశావహులు బయలుదేరారు. ఇలాంటి వేళ ఒక సామాన్య ఓటరు తన పాత ఓటుకు లెక్క అడుగుతున్నాడు. ప్రజాస్వామ్యంలో అంతకన్న న్యాయమైన ప్రశ్న మరొకటి లేదు. కనుక ఆ లెక్క ఒకసారి చూద్దాం.

2007 దాకా గడ్డిఅన్నారానికి సొంత పురపాలక సంఘం ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఎల్బీనగర్‌తో పాటు శివారుల్లోని 12 పురపాలక సంఘాలు నగరపాలక సంస్థలో విలీనమై జీహెచ్ఎంసీ ఏర్పడింది. ఆ తరువాత నియోజకవర్గాల పునర్విభజనతో ఎల్బీనగర్ శాసనసభ స్థానం వచ్చింది. 2014లో అక్కడ తెలుగుదేశం అభ్యర్థిగా ఆర్. కృష్ణయ్య గెలిచారు. వెనుకబడిన తరగతుల కోసం ఆయన చేసిన ఉద్యమాన్ని ఎవరూ కాదనలేరు. కానీ పార్టీల లెక్క చూడండి. 2018లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా మిర్యాలగూడలో పోటీచేశారు. 2022లో వైఎస్ఆర్ కాంగ్రెస్ పక్షాన రాజ్యసభకు వెళ్లారు. 2024 సెప్టెంబరులో ఆ సభ్యత్వానికి రాజీనామా చేసి, డిసెంబరులో భారతీయ జనతా పార్టీ పక్షాన మళ్లీ రాజ్యసభలో ప్రవేశించారు. పదేళ్లలో నాలుగు పార్టీలు!

2018లో ఎల్బీనగర్ ఓటరు కాంగ్రెస్ అభ్యర్థి డి. సుధీర్‌రెడ్డిని గెలిపించాడు. ఆరు నెలలు గడవకముందే ఆ ఓటు తెలంగాణ రాష్ట్ర సమితికి చేరింది. సరూర్‌నగర్, రామకృష్ణాపురం ప్రాంతాలున్న పక్క నియోజకవర్గం మహేశ్వరంలోనూ అదే కథ. అక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచిన సబితా ఇంద్రారెడ్డి 2019లో టీఆర్ఎస్ ప్రభుత్వంలో విద్యాశాఖ మంత్రి అయ్యారు. మన ప్రాంతం మల్కాజిగిరి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అక్కడ 2014లో తెలుగుదేశం తరఫున నెగ్గిన మల్లారెడ్డి పదవీకాలం మధ్యలోనే టీఆర్ఎస్‌లో చేరారు.

స్థానిక సంస్థ సంగతి ఇంకా విచిత్రం. 2020 డిసెంబరు ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 56, భాజపాకు 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 స్థానాలు దక్కాయి. 2021 ఫిబ్రవరి 11న మజ్లిస్ మద్దతుతో టీఆర్ఎస్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత, 2024 మార్చిలో ఆమె కాంగ్రెస్‌లో చేరారు. రెండు స్థానాలు గెలిచిన పార్టీకి మరో ఎన్నిక లేకుండానే హైదరాబాద్ మేయర్ దక్కారు. ఇక ఆ పెద్దాయన తన ఓటును ఎక్కడని వెతుక్కోవాలి?

చట్టం లేదా అంటే ఉంది. 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూల్ చేర్చారు. 2003లో సవరించి, మూడింట ఒక వంతు చీలిక అనే వెసులుబాటును తొలగించారు. మూడింట రెండు వంతుల విలీనం అనే ద్వారం మాత్రం తెరిచే ఉంచారు. 2019 జూన్‌లో రాష్ట్ర శాసనసభలో మిగిలిన 18 మంది కాంగ్రెస్ సభ్యుల్లో 12 మంది సరిగ్గా ఆ ద్వారం గుండానే టీఆర్ఎస్‌లోకి నడిచారు. ఆ విలీనాన్ని ఆమోదించిన నాటి సభాపతి పోచారం శ్రీనివాసరెడ్డి 2024లో తానే బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లో చేరారు. బీఆర్ఎస్ శాసనసభ్యుడిగా ఉంటూనే దానం నాగేందర్ కాంగ్రెస్ గుర్తుపై సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీచేశారు. ఇలా వెళ్లిన పదిమందిపై వచ్చిన ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. డిసెంబరులో అయిదుగురిపై ఫిర్యాదులను సభాపతి తోసిపుచ్చారు. నిన్న బాధితులమని మొరపెట్టుకున్న పార్టీ నేడు లబ్ధిదారు, నిన్నటి లబ్ధిదారు నేడు బాధితుడు. ఇక పదో షెడ్యూల్ పార్లమెంటుకు, రాష్ట్ర చట్టసభలకు మాత్రమే వర్తిస్తుంది. కార్పొరేటర్‌ను అది తాకనే తాకదు.

ఫిరాయింపు ఓటరు లందరికీ జరిగే అన్యాయమే కదా, ముస్లింలకు ప్రత్యేకమేమిటని కొందరు అడగవచ్చు. ప్రత్యేకం ఉంది. గడ్డిఅన్నారం, కొత్తపేట, చైతన్యపురి వంటి చోట్ల మనం చెల్లాచెదురుగా ఉన్న కొద్ది కుటుంబాలం. పాతబస్తీలో మాదిరిగా ఇక్కడ మన ఓటు ఒక్కటే ఎవరినీ గెలిపించలేదు. కనుక చాలామంది తమకు నచ్చిన వారికి ఓటు వేసే బదులు, తాము భయపడే వారు రాకూడదని ఓటు వేస్తున్నారు. అభ్యర్థి పనితీరు, నడవడి, చదువు, కేసులు అన్నీ పక్కనపెట్టి ఒక్క రక్షణ కోసం వేసిన ఓటది. దాన్ని జేబులో వేసుకొని అభ్యర్థి పార్టీ మారినప్పుడు ఆ ఓటరు రెండు విధాలా నష్టపోతాడు. కోరుకున్న రక్షణ దక్కదు, అడగకుండా వదులుకున్న రోడ్డు, నాలా, బడి ఎలాగూ దక్కవు.

వాగ్దానాల చరిత్ర కూడా ఈ నిస్పృహకు ఎరువు వేసింది. 12 శాతం రిజర్వేషన్ 2014 ఎన్నికల నాటి మాట. 2017 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లు ఆమోదించింది. దానికి ఢిల్లీ ఆమోదం రాలేదు, అమలు జరగలేదు. 2023 నవంబరులో కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్ ప్రకటించి, మైనారిటీ సంక్షేమ బడ్జెట్‌ను 4,000 కోట్లకు పెంచుతామన్నది. 2024-25లో కేటాయించింది 3,003 కోట్లు. 2025-26లో 3,591 కోట్లు. కేటాయింపు పెరిగిన మాట నిజమే, ఇచ్చిన మాటను అందుకోలేదన్నదీ నిజమే. రాష్ట్ర ప్రభుత్వ సర్వే ప్రకారం జనాభాలో ముస్లింలు 12.56 శాతం. 119 మంది ఉన్న శాసనసభలో 2023లో గెలిచిన ముస్లింలు ఏడుగురు, ఏడుగురూ మజ్లిస్ వారే. కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది 2023 డిసెంబరు 7న. అందులోకి మొదటి ముస్లిం మంత్రిగా అజారుద్దీన్ వచ్చింది 2025 అక్టోబరు 31న, అంటే జూబ్లీహిల్స్ ఉపఎన్నిక పోలింగ్‌కు సరిగ్గా పదకొండు రోజుల ముందు. మంత్రి పదవి దక్కినందుకు సంతోషమే. ఆ తేదీని గమనించని అమాయకులం మాత్రం కాము.

ఇక మన వీధుల్లోకి వద్దాం. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి. సాయంగా ప్రకటించిన పది వేల రూపాయల పంపిణీ ఎన్నికల నియమావళి వల్ల మధ్యలో ఆగింది. నెలన్నర తరువాత జరిగిన ఎన్నికల్లో నాలాల గురించి, చెరువు కబ్జాల గురించి గట్టిగా మాట్లాడవలసిన నాయకులు పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్ గురించి, నగరం పేరు మార్పు గురించి మాట్లాడారు. నీట నానిన బియ్యం బస్తా ఏ మతానిదో ఎవరు చెప్పగలరు?

పండ్ల మార్కెట్ ఉదంతం కూడా మరువరానిది. గడ్డిఅన్నారం పేరు చెబితే ఊరూరా గుర్తొచ్చేది ఆ మార్కెట్టే. 2021లో దాన్ని విజయవాడ రహదారి మీది బాటసింగారానికి తరలించారు. 2022 మార్చిలో పాత షెడ్లను కూల్చివేశారు. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కడతామని 2022 ఏప్రిల్‌లో పునాదిరాయి వేశారు. ఆసుపత్రిని ఎవరూ వద్దనలేదు. కానీ తెల్లవారుజామున మార్కెట్‌లో సరుకు కొని, బండి మీద అమ్ముకొని పిల్లలను చదివించుకున్న వారికి, హమాలీలకు, గుమాస్తాలకు బాటసింగారం దూరమెంతో ఏ అభ్యర్థి అయినా నడిచి కొలిచాడా? కోహెడలో శాశ్వత మార్కెట్ అన్న మాట ఎప్పటికి నిజమవుతుందని ఏ పార్టీ కరపత్రమైనా తేదీ వేసి చెప్పిందా? ఈ కష్టంలో మస్తాన్ ఉన్నాడు, మల్లేశ్ ఉన్నాడు. ఓట్లు అడిగేవారికి మాత్రం ఇద్దరూ వేరువేరు పద్దుల్లో కనిపిస్తారు.

తప్పంతా నాయకులదేనని చెప్పి చేతులు దులుపుకోవడం ఈ పత్రికకు తగదు. మనమూ అద్దంలో చూసుకోవాలి. రంజాన్‌లో టోపీ పెట్టుకొని వచ్చి ఇఫ్తార్ విందు ఇచ్చిన వారిని మనవారనుకున్నాం. మస్జిదు కమిటీకి ఫ్యాన్లో, చాపలో ఇస్తే మహల్లా అంతటి తరఫున మాట ఇచ్చేసే పెద్దలను మనమే పెంచుకున్నాం. ఓటు ఒక అమానత్. దాన్ని అర్హుని చేతిలో పెట్టడం మన బాధ్యత. ఒక కుటుంబం తరఫున మరొకరు బేరమాడే హక్కు ఎవరికీ లేదు. ఇంటి ఆడవారి ఓటును ఇంటి మగవారు నిర్ణయించడం కూడా అటువంటి బేరమే.

ఇప్పుడు ఆ పెద్దాయన నిర్ణయం గురించి. ఆయన ఆవేదనతో ఏకీభవిస్తూనే, పోలింగ్‌కు వెళ్లననడంతో మేము విభేదిస్తున్నాం. 2020లో ఈ మహానగరంలో ఓటేసినవారు నూటికి 47 మంది కూడా లేరు. లెక్క వేసి చూడండి. నూరుమందిలో 46 మంది ఓటేసి, ముగ్గురు నలుగురు అభ్యర్థులు పంచుకుంటే, 18 మంది మద్దతున్నవాడు కార్పొరేటర్ కావచ్చు. మనం ఇంట్లో కూర్చుంటే అతనికి శిక్ష పడదు, అతని పని సులువవుతుంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా మన అసమ్మతిని నమోదు చేస్తుంది గాని ఎవరినీ ఓడించదు. పక్కనున్న లింగోజిగూడను గుర్తు చేసుకోండి. గెలిచిన భాజపా కార్పొరేటర్ మరణంతో 2021 ఏప్రిల్‌లో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. భాజపా కోరిక మేరకు టీఆర్ఎస్ పోటీ నుంచి తప్పుకుంది. ఫలితం ముందే ఖాయమైందని అందరూ అనుకున్నారు. ఓటర్లు కాంగ్రెస్‌ను గెలిపించారు. ఏ పార్టీ గెలిచిందన్నది ఇక్కడ ప్రధానం కాదు. పెద్ద పార్టీల ఒప్పందం కన్న ఓటరు నిర్ణయం పెద్దదని ఒక చిన్న డివిజన్ చూపించింది.

కనుక ఎన్నికల ప్రకటన రాకముందే మహల్లాల్లో కొన్ని పనులు మొదలుకావాలి. మొదటిది, ఓటరు జాబితా. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు కనిపించలేదు. అద్దె ఇళ్లు మారేవారు, కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండినవారు, అత్తవారింటికి వచ్చిన ఆడపడుచులు తమ పేర్లు ఇప్పుడే చూసుకోవాలి. డివిజన్ల సరిహద్దులు మారాయి గనుక తాము ఏ డివిజన్ కిందికి వస్తారో తెలుసుకోవాలి. రెండవది, అభ్యర్థులు సమర్పించే అఫిడవిట్లు. ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు అందులో ఉంటాయి. చదువుకున్న పిల్లలు వాటిని చదివి, మస్జిదులో కాకపోయినా బస్తీ సమావేశంలో అందరికీ తెలియజేయాలి. మూడవది, లిఖితపూర్వకమైన హామీ. నాలా, ఖబరస్తాన్ ప్రహరీ, ఉర్దూ మాధ్యమ బడి, వీధి వ్యాపారుల స్థలం వంటివాటిపై తేదీలతో సంతకం అడగాలి. పార్టీ మారితే రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు వస్తాననే మాట కూడా అందులో రాయించాలి. ఆ కాగితానికి కోర్టులో విలువ లేకపోవచ్చు. అయిదేళ్ల తరువాత బస్తీ నడుమ చదివి వినిపించినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

వీటన్నిటికన్న ముఖ్యమైనది నాలుగవది. ఈ పనులను మనం ఒంటరిగా చేయరాదు. మన వీధిలోని దళిత, బీసీ కుటుంబాలు, చిరుద్యోగులు, బండ్లవారు అదే నాలా పక్కన, అదే నిస్పృహతో ఉన్నారు. వారితో కలిసి అడిగినప్పుడు మనది మైనారిటీ కోరికగా మిగిలిపోదు, బస్తీ డిమాండు అవుతుంది. 74వ రాజ్యాంగ సవరణ పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నది. వాటిలో కూర్చొని లెక్క అడిగేవారు ఉంటే తప్ప అవి కాగితం దాటి రావు.

తన పాత ఓటు ఎటుపోయిందని అడిగిన ఆ పెద్దాయన ప్రశ్నకు మేము సూటిగా జవాబు చెప్పలేం. అది ఆయన అనుమతి లేకుండా చేతులు మారింది. అయితే ఆ ప్రశ్న ఆయన అడగవలసింది మస్జిదు మెట్ల దగ్గర యువకులను కాదు. రేపు చేతులు జోడించి తన గుమ్మం ముందు నిలబడే అభ్యర్థిని అడగాలి, పక్కింటివాళ్లు వింటుండగా అడగాలి. ఆ యువకులు ఆయన పక్కన నిలబడి జవాబు రాసుకోవాలి. పోలింగ్ రోజున ఆ కాగితం జేబులో పెట్టుకొని ఆయన్ను వెంట తీసుకువెళ్లాలి.