పాత ట్రక్కుకి కరెంటు వైపరు

గ్యారేజీ అన్నలు మమ్మల్ని ఇది తరచూ అడుగుతారు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖతమ్ అల్ షక్లాలో ఒక్కరోజులోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడ్డ దేశం మరి ఇది!

అమెరికా మిలిటరీ ఎం-35 లాంటి పాత ట్రక్కుల్లో వైపరు గాలితో ఆడేది. గాలి తగ్గితే అదీ నిలిచిపోతుంది. కరెంటు మోటారు పెట్టమంటాడు అర్బాబు. బండిలో ఉండేది 24 వోల్టులు, అంటే 12వి రెండు బ్యాటరీలు వరుసగా. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా పాత సామాన్ల కొట్లలో దొరికే కారు మోటారు 12ది. తిన్నగా కలిపితే కాలుతుంది. ఒక్క బ్యాటరీ నుంచే తీస్తే అది దిగిపోతుంది, రెండోది అతిగా ఛార్జయి చెడుతుంది. మోటారు మీద 24 అని రాసుందో లేదో చూసే కొనండి. పార్కు వైరుకి, వైపరు స్విచ్చి ఆపినా కరెంటు అందాలి. లేకుంటే బ్లేడు అద్దం మధ్యలోనే ఆగుతుంది.

ఫ్యూజు మాత్రం బ్యాటరీ దగ్గరే వేయండి. తర్వాత వేద్దాంలే అని అర్బాబు తొందరపెట్టినా వినొద్దు. వైరు అంటుకుంటే క్యాబిన్లో ఉండేది డ్రైవరన్న.