ఏడబ్ల్యూఎస్సా, అజూరా? ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఒక వీఎం నడపండి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చైతన్యపురి వైపు ఓ పది నిమిషాలు నడవండి. హాస్టల్ బోర్డులు, కోచింగ్ బోర్డులు, వాటి మధ్యలో క్లౌడ్, డెవాప్స్ కొత్త బ్యాచ్ బోర్డులు. మా జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న కూడా ఆ బోర్డుల కిందనుంచే వస్తుంది. "అన్నా, ఏడబ్ల్యూఎస్ నేర్చుకోవాల్నా, అజూర్ నేర్చుకోవాల్నా?"

నా సమాధానం ఎప్పుడూ ఒక్కటే. ముందు నీ బ్యాగులో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ నడుపు. దాన్ని కావాలని పాడు చెయ్. మళ్లీ లేపు. క్లౌడ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఈ మాట వినగానే చాలామంది మొహం మాడిపోతుంది. పాతకాలం సలహా ఇస్తున్నానని అనుకుంటారు. నేనీ అభిప్రాయానికి పుస్తకం చదివి రాలేదు, వరద చూసి వచ్చాను.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఇటువైపు ఉన్నవాళ్లెవరికీ మరిచిపోయేది కాదు. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలన్నీ మునిగాయి. మా బాబాయ్ ఎలక్ట్రికల్ సామాన్ల షాపు అక్కడే, గ్రౌండ్ ఫ్లోర్‌లో. బిల్లింగ్ కంప్యూటర్ కౌంటర్ కింద నేల మీదే ఉండేది. బ్యాకప్ ఉందా అంటే ఉంది, పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ అదే కౌంటర్ సొరుగులో. నీళ్లు తీశాక బురదలోంచి సీపీయూ బయటికి లాగి "ఏందిరా, ఇది మళ్ల ఆన్ అయితదా?" అని బాబాయ్ అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఆన్ కాలేదు. రెండేళ్ల ఉద్దెర లెక్కలు అందులోనే ఉన్నాయి. వాట్సాప్‌లో ఎప్పుడెప్పుడో పంపిన బిల్లుల పీడీఎఫ్‌లు వెతికి, మూడు వారాలు కూర్చుని లెక్కలు మళ్లీ రాశాం. కొందరు బాకీ ఒప్పుకున్నారు. కొందరు ఒప్పుకోలేదు.

సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే అమెజాన్ వెబ్ సర్వీసెస్ తెలంగాణలో రూ.20,761 కోట్లతో డేటా సెంటర్లు పెడుతుందని ప్రకటన వచ్చింది. చందన్‌వెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ, మూడూ రంగారెడ్డి జిల్లాలోనే. పేపర్ పట్టుకుని బాబాయ్ నా దగ్గరికే వచ్చాడు. "మన జిల్లాలనే పెడుతున్నరట. మన లెక్కలు గూడ అండ్లనే పెట్టు." (హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో గానీ మొదలు కాలేదు, అది వేరే సంగతి.) ఆయన అడిగింది తప్పేం కాదు. కానీ "అండ్ల" అంటే దేంట్లోనో తెలియకుండా పెట్టడం తప్పు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవాళ్లకి దీన్ని చెప్పడం చాలా ఈజీ. ఒక ఇండిపెండెంట్ ఇల్లు తీసుకుని హాస్టల్‌గా మార్చడమే వర్చువలైజేషన్. ఒక ఫ్యామిలీ ఉంటే సగం గదులు ఖాళీగా పడి ఉండే ఇంట్లో ఇప్పుడు ఇరవై మంది ఉంటారు. గదికో తాళం, ఎవరి సామాను వాళ్లది. ఎవరికి ఏ గది, ఎవరికెన్ని నీళ్లు అని చూసే వార్డెన్ పేరు హైపర్‌వైజర్. గది పేరు వర్చువల్ మెషీన్, ముద్దుగా వీఎం. వార్డెన్లు నలుగురి గదికి ఐదుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు చూడండి, ఎవరో ఒకరు ఊరెళ్తారులే అనే ధైర్యంతో? అదీ ఉంది ఇక్కడ, ఓవర్ కమిట్ అంటారు. పరీక్షల ముందు అందరూ ఒకేసారి వచ్చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సర్వర్‌లో కూడా అదే అవుతుంది. డాకర్ కంటైనర్లకి మాత్రం పడకలు వేరైనా వంటిల్లు ఒక్కటే. ఆ వంటిల్లు పేరు కెర్నల్.

మరి క్లౌడ్? వేరేవాళ్ల హాస్టల్లో గంట లెక్కన అద్దెకి తీసుకున్న గది. అడ్వాన్స్ అక్కర్లేదు, ఖాళీ చేస్తే బిల్లు ఆగుతుంది. ఖాళీ చెయ్యడం మర్చిపోతే ఆగదు.

టెక్నికల్‌గా కూడా మామూలు విషయమే. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో 1960ల నుంచీ ఇది ఉంది. మామూలు పీసీ ప్రాసెసర్లలో ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో దీనికోసం ప్రత్యేకంగా సపోర్ట్ ఇచ్చాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్లోనే కలిసిపోయింది. అమెజాన్ ఈసీ2 మొదట్లో జెన్ మీద నడిచేది, 2017లో వచ్చిన నైట్రో మాత్రం కేవీఎం ఆధారంగా చేసిందే. అజూర్ అడుగున ఉండేది హైపర్-వీ, మీ విండోస్ ప్రోలో ఆన్ చేసుకునే అదే పేరు. అంటే ఏడబ్ల్యూఎస్సా అజూరా అని నన్ను అడుగుతున్న తమ్ముడి ల్యాప్‌టాప్‌లో రెండింటి మూలం ఫ్రీగా దొరుకుతుంది. వేలకు వేలు ఫీజు కట్టి కన్సోల్లో ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకుంటున్నారు. ఆ బటన్లు ఆర్నెల్లకోసారి చోటు మారుతుంటాయి.

క్లౌడ్ వద్దని నేననడం లేదు. ఎల్బీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ చూసేవాణ్ని. ఏడాదంతా దానికి రోజుకి పట్టుమని రెండొందల మంది రారు. రిజల్ట్స్ వచ్చిన రోజు మాత్రం పిల్లలు, తల్లిదండ్రులు, చుట్టాలు అందరూ ఒకేసారి ఎక్కుతారు. మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో ఆ రోజు సైట్ పడుకోవడం ఆనవాయితీ అయిపోయింది. రెండు రోజుల కోసం పెద్ద సర్వర్ కొంటారా? ఇలాంటి చోటే క్లౌడ్ నిజంగా పనికొస్తుంది. ఒక వీఎంని నాలుగు చేశాం, సైట్ నిలబడింది, సార్ బిర్యానీ పెట్టించాడు. ఆ తర్వాత మిగతా మూడు వీఎంలు ఆపడం నేను మర్చిపోయాను. నెల రోజులకి జీఎస్టీతో కలిపి 21 వేల పైన బిల్లు. తప్పు క్లౌడ్‌ది కాదు, నాదే. బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఏడబ్ల్యూఎస్‌లో అయితే 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి కూడా గంటకి 0.005 డాలర్లు తీసుకుంటున్నారు. చిన్న మొత్తమే, కానీ అలాంటి చిన్నవే పది కలిసి నెలాఖర్లో కనిపిస్తాయి.

బాబాయ్ షాపు సంగతి దీనికి పూర్తిగా రివర్స్. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా, ఏడాదంతా ఒకే లోడు. అలాంటిది గంట అద్దెకి పెట్టడం అంటే సొంత ఇల్లుండి లాడ్జిలో కాపురం పెట్టినట్టు. పైగా నెట్ పోతే? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కరెంటు షాక్‌తో మనుషులు పోయాక, స్తంభాల మీది కేబుళ్లు తీసేశారు. తియ్యాల్సిందే, ప్రాణాలకంటే నెట్ ఎక్కువ కాదు. కానీ ఆ రోజుల్లో బిల్లింగ్ మొత్తం క్లౌడ్‌లో పెట్టుకున్న షాపులో కస్టమర్ ఎదురుగా నిలబడితే, తెల్లకాగితం మీద రాసివ్వడం తప్ప దారి లేదు.

అందుకే బాబాయ్‌కి 32 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఆఫీస్ పీసీ ఒకటి కొని, మొదటి అంతస్తులో పెట్టి, ప్రాక్స్‌మాక్స్ ఎక్కించాను. దాంట్లో రెండు వీఎంలు. విండోస్‌లో బిల్లింగ్, లినక్స్‌లో ఫైళ్లు. విండోస్ లైసెన్స్ కొన్నాం, క్రాక్ పెట్టలేదు. రోజూ రాత్రి వీఎం మొత్తం బ్యాకప్ ఒక యూఎస్‌బీ డిస్క్‌కి వెళ్తుంది, ముఖ్యమైన డేటా ఎన్‌క్రిప్ట్ అయి క్లౌడ్ స్టోరేజ్‌కి వెళ్తుంది. 30 జీబీకి నెలకి వంద లోపే. అంటే బాబాయ్ మాట కూడా నెగ్గింది, కాకపోతే "అండ్ల" పెట్టింది కాపీని.

వీఎంవేర్ ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లుంటారు. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ దాన్ని కొనేసింది. ఆ డిసెంబర్‌లోనే ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అనే లైసెన్సులు అమ్మడం ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో ఫ్రీ ఈఎస్ఎక్స్ఐ తీసేసింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. చిన్న షాపు ఆ ఊగులాట మీద ఆధారపడకూడదు.

ఇంకో మాట, స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోకండి. స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటుంది, డిస్క్ పోతే అదీ పోతుంది. క్లౌడ్‌లో పెట్టేశాం కదా అని ధీమా కూడా వద్దు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ వేరే చోట లేనివాళ్ల డేటా పోయింది. మా బాబాయ్ పెన్‌డ్రైవ్ కథే అది, కాకపోతే నీళ్ల బదులు నిప్పు.

మొదలుపెట్టడానికి కొత్త గ్యాడ్జెట్ ఏదీ అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లో ఏదైనా లినక్స్ వెయ్యండి. 8 జీబీ ఉంటే డెస్క్‌టాప్ లేని సర్వర్ ఎడిషన్ వెయ్యండి, నడుస్తుంది. పిక్సెల్ ఫోన్ ఉన్నవాళ్లకి ఇంకా మజా. 2025 మార్చి అప్‌డేట్‌తో వచ్చిన లినక్స్ టెర్మినల్ అచ్చంగా ఒక డెబియన్ వీఎం, ఫోన్లోనే నడుస్తుంది. స్పెక్ షీట్‌లో రాసే "వర్చువల్ ర్యామ్"కీ దీనికీ సంబంధం లేదు, అది స్టోరేజ్‌లో కొంత ముక్కని ర్యామ్‌లా వాడుకోవడం మాత్రమే.

రెండు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ షాపుకి వెళ్తాను. క్లౌడ్‌లో ఉన్న కాపీని దించి, ఒక ఖాళీ వీఎంలో తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబర్ చదువుతాను. బాబాయ్ కింద కౌంటర్ దగ్గర పుస్తకంలో చూసి "ఆ, అదే" అంటాడు. అప్పుడు షట్టర్ దించుతాం.